రెండు రింగుల మాట

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. నిమిషాలమ్మ అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకూ గుర్తులేదు గాని, ఎందుకు పెట్టారో మాత్రం వీధిలో పెద్దవాళ్ళంతా చెబుతారు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె నడిపింది ఫోన్ బూత్. ఇద్దరు మనుషులు ఒకేసారి తిరగలేనంత ఇరుకు గది, దానిలో మూలగా అద్దాల అర. బయటి దేశాల్లో మనుషులున్నవాళ్ళంతా అక్కడికే వచ్చేవారు. లోపలికి వెళ్ళి రిసీవరు పట్టుకోగానే "బాగున్నావా?", "బాగున్నాను, నువ్వు బాగున్నావా?", "నేను బాగున్నాను, అక్కడ అందరూ బాగున్నారా?" ఇంతలో ఒక నిమిషం హరించుకుపోయేది. రెండో నిమిషం ఏడుపుకి సరిపోయేది. మూడో నిమిషంలో "వినబడుతోందా? ఇప్పుడు వినబడుతోందా?" బయటికొచ్చి బిల్లు చూసుకుని కళ్ళు తేలేసి, డబ్బులిచ్చి, మెట్లు దిగుతూ తల కొట్టుకునేవారు. అడగవలసిన అసలు సంగతి అడగనే లేదు!

అది చూస్తూ ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు. అరవై సెకన్ల మీద ఒక్క సెకను పడినా రెండో నిమిషం కింద లెక్క. అందుకని యాభై అయిదో సెకనుకి అద్దం మీద వేలి ఉంగరంతో టకటకమని కొట్టేది. లోపలివాళ్ళు ఉలిక్కిపడి అసలు సంగతిలోకి వచ్చేవారు. ఆమె భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. ఒకరోజు భోజనం దగ్గర అడిగాడు.

"వాళ్ళు ఎంతసేపు మాట్లాడితే నీకంత లాభం కదటోయ్? నువ్వే తలుపు కొట్టి బయటికి లాగుతావేం?"

"ఏడుపుల మీద వచ్చే లాభం నాకొద్దండీ. అయినా, ఇవాళ పది నిమిషాల బిల్లు కట్టినవాడు మళ్ళీ ఆర్నెల్లదాకా ఇటు రాడు. రెండు నిమిషాలు కట్టినవాడు వారం వారం వస్తాడు."

అది ధర్మమో వ్యాపారమో మెకానిక్కుకి తేలలేదు. ఆమెకు మాత్రం ఆ రెంటికీ తేడా ఎప్పుడూ కనబడలేదు.

రింగుల లెక్క కూడా ఆమె బుర్రలో పుట్టిందే. అవతలివాళ్ళు ఫోను ఎత్తకపోతే బిల్లు పడదు. కనుక ఒక్క రింగిచ్చి కట్ చేస్తే "మేం బాగున్నాం" అని. రెండు రింగులైతే "తీరిక చూసుకుని నువ్వే చెయ్యి" అని. మూడైతే "ఉన్నపళంగా చెయ్యి". అవతలినుంచి ఒక్క రింగు తిరిగి వస్తే "తెలిసింది" అని. పైసా ఖర్చు లేకుండా సముద్రాలు దాటే ఈ భాష వీధి వీధంతా పాకింది. ఒకాయన బూత్‌కి వచ్చి, ఒక్క రింగిచ్చి, రిసీవరు పెట్టేసి, ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆమె ఏమీ తీసుకునేది కాదు. నమస్కారం మాత్రం తీసుకునేది.

తరవాత కాలం మారింది. జేబు జేబుకీ ఫోను వచ్చాక బూత్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆమె కూర్చుని దిగులుపడలేదు. అద్దాల అర పీకించి, ఆ అద్దాలతోనే కౌంటరు చేయించి, సిమ్ములు, రీచార్జీలు, ఛార్జర్లు, బటన్ల ఫోన్లు పెట్టింది. అమ్మకం కంటే సలహాల కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు కూర్చోడానికి ఒక స్టూలు వేసింది.

కుళాయిల మేస్త్రీ వచ్చి మొత్తుకునేవాడు. "చూడమ్మా, పొద్దున్న వేయించిన డేటా మధ్యాహ్నానికి గల్లంతు. నేను ఫోను తాకితే ఒట్టు. పైపుల్లో చేతులు పెట్టినవాణ్ణి, ఎలా తాకుతాను?"

"మీరు తాకకపోయినా అది ఊరుకోవడం లేదు బాబాయ్. మీ జేబులో కూర్చుని తనకి తోచిన వీడియోలు తనే దించుకుంటోంది. ఇదిగో, ఇక్కడ మూసేస్తున్నా. మీ పైపులకి వాల్వులుంటాయే, అలాంటిదే ఇది."

పొరుగుదేశంలో ఉద్యోగానికి బయలుదేరిన ల్యాబ్ అమ్మాయికైతే గట్టిగా చెప్పింది. "విమానం దిగేముందే ఇక్కడి సిమ్ముకి డేటా ఆపెయ్యి. మరిచావో, నీ పెట్టె బెల్టు మీద తిరిగి నీ దగ్గరికి వచ్చేలోపల నీ మొదటి జీతం అది తినేస్తుంది. అక్కడి సిమ్ము కొనుక్కో. ఉచిత వైఫై దొరికింది కదా అని బ్యాంకు పనులు మాత్రం చెయ్యకు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడేది ఇంటర్నెట్ మీద, ఆఫీసులతో మాట్లాడేది నేరుగా. అర్థమైందా?"

ఇలా ఏ దేశానికి ఏ దారిన చేస్తే ఎంత పడుతుందో ఆమెకు కంఠతా. ఇంత తెలిసినా, రింగుల లెక్కను మాత్రం ఆమె మానమనలేదు, జనమూ మానలేదు. ఇంటర్నెట్ అందని చోట్ల, స్మార్ట్‌ఫోన్లు వద్దనే కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి అదింకా నడుస్తూనే ఉంది. పైగా అది తన చేతి చలవ. మనిషికి తను కనిపెట్టినదాన్ని అనుమానించడం అంత తేలిక కాదు.

ఆమె దుకాణానికి నాలుగు గడపల అవతల టైలరమ్మ ఉంటుంది. ముందుగదిలో మిషను, వెనకగదిలో కాపురం. ఆ టైలరమ్మ భర్త ఒకప్పుడు మంచి కటింగు మాస్టరు. కత్తెర పడితే గుడ్డ తానే విడిపోతుందా అన్నట్టుండేది. దుకాణం సాగక, ఆరేళ్ళ కిందట సముద్రం అవతల ఒక కోల్డ్ స్టోరేజీలో చేరాడు. లోపలికి కెమెరా ఉన్న ఫోను రానివ్వరు, ఆ దేశంలో ఇంటర్నెట్ మీద మాటలూ సాగవు. అందుకని అతని దగ్గర బటన్ల ఫోనే. అదీ షిఫ్టు అయ్యేదాకా లాకర్లో, ఆపేసి ఉంటుంది.

ఇప్పుడతని ఒప్పందం అయిపోవచ్చింది. ఇంకో రెండేళ్ళకు సంతకం పెడితే పెట్టాలి, లేదా తిరిగి వచ్చెయ్యాలి. ఇక్కడ టైలరమ్మకు ఆస్పత్రి కోట్లు కుట్టే పని కొత్తగా దొరికింది. కత్తిరించే మనిషి ఉంటే ఇద్దరూ కలిసి నిలదొక్కుకోగలరు. రమ్మని చెప్పాలని ఆమెకు ప్రాణం లాగుతోంది. కాని నోరు రాదు. రేపు పని సాగక తిప్పలు పడితే, "నువ్వే కదా రమ్మన్నావు" అన్న మాట జీవితాంతం తన నెత్తిన ఉంటుంది.

అందుకని శుక్రవారం ఫోన్లో ఎటూ తేల్చకుండా ఒక ఏర్పాటు చేసుకుంది. "నేను ఆలోచించుకుంటానండీ. సోమవారం సాయంత్రం ఒక్క రింగిచ్చానంటే ఉండిపోండి. రెండిచ్చానంటే వచ్చెయ్యండి." రింగు మాట కాదు కదా. రేపు ఎవరూ దాన్ని ఎత్తిపొడవలేరు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికే టైలరమ్మ దుకాణంలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఇచ్చేశాను!"

"ఎన్ని?"

"రెండు." ఆ మాట చెప్పడానికి రెండు వేళ్ళూ కూడా ఎత్తింది. "వెంటనే ఒక్క రింగు తిరిగి ఇచ్చారు, తెలిసిందని. ఇవాళ మన పన్నెండింటికి, అంటే వాళ్ళకి పదిన్నరకి, మేనేజరు అందర్నీ వరసలో నిలబెట్టి కాగితాలు తీసుకుంటాడట. ఈయన పెట్టనని చెప్పేసి వచ్చేస్తారు."

"హమ్మయ్య. మొత్తానికి నోరిప్పకుండానే మొగుణ్ణి రప్పించుకున్నావు."

"నువ్వు నేర్పిన విద్యే కదక్కా!"

ఆ పొగడ్త పదకొండింటిదాకా ఆమె చెవుల్లో తియ్యగా మోగుతూనే ఉంది.

పదకొండు గంటలకి ఆస్పత్రి ఆయా వచ్చి కొత్త ఫోను కొనుక్కుంది. "మోగుతుందో లేదో చూసివ్వు పెద్దమ్మా" అంది. నిమిషాలమ్మ సిమ్ము వేసి, కొత్త ఫోనును కౌంటరు మీద పెట్టి, తన ఫోను చెవికి ఆనించుకుని నంబరు నొక్కింది. ఇలాంటి పరీక్షలు ఆమె వేలల్లో చేసి ఉంటుంది. అది మోగగానే చాలని కట్ చేసేది. ఇవాళ టైలరమ్మ ఎత్తిన రెండు వేళ్ళు కళ్ళముందు ఆడుతుండడంవల్ల, ఏమీ తోచకుండానే రెండు రింగులు లెక్కపెట్టి ఆపింది.

కౌంటరు మీది ఫోను ఒక్కసారే మోగింది.

ఆమె భుజాలు నిటారయ్యాయి. మళ్ళీ చేసింది. చెవిలో రెండు. కౌంటరు మీద ఒకటి. మూడోసారి చెవిలో ఒకటి విని కట్ చేసింది. కౌంటరు మీది ఫోను ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

"పాడైందా పెద్దమ్మా? వేరేది ఇస్తావా?"

"ఫోను బంగారంలా ఉంది. పాడయింది నా లెక్క."

బూత్ నడిపినన్నాళ్ళూ ఆమె ఫోను చేసేవాళ్ళ పక్కనే నిలబడింది. ఎత్తేవాళ్ళ పక్కన ఒక్కరోజూ లేదు. చెవిలో మోగే గంట అవతలి ఫోనులోంచి రాదని, అవతలివాళ్ళను వెతికేలోపల మనల్ని ఓపికపట్టమని మధ్యనున్న ఎక్స్ఛేంజీ వాయించేదని ఇప్పుడు తట్టింది. ఊళ్ళో ఊళ్ళోనే, ఒకే బల్ల మీదే ఇంత తేడా ఉంటే, అన్ని చేతులు మారి సముద్రం దాటే ఫోనుకి ఎంత తేడా?

ఆమె తల పట్టుకుని కూర్చునే రకం కాదు. "నేను వచ్చేదాకా ఈ కుర్చీలో కూర్చో. ఎవరైనా వస్తే ఆగమను" అని ఆయాను కూర్చోబెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూరీ దూరకుండానే నాలుగు గడపలూ దాటింది.

టైలరమ్మ మిషను మీద ఉంది.

"అమ్మాయ్, మిషను ఆపు. నిన్న నీకు వినబడినవి ఎన్ని?"

"రెండక్కా. లెక్కపెట్టే కదా కట్ చేశాను."

"ఆయనకి ఎన్ని వినబడ్డాయి?"

"అదేం ప్రశ్న? రెండే కదా!"

"నాకూ పావుగంట కిందటిదాకా అంతే తెలుసు. నీకు రెండు వినబడితే అక్కడ ఒకటే మోగి ఉండొచ్చు."

టైలరమ్మ పాదం తొక్కుడుపలక మీదే ఉండిపోయింది. "మరి తిరిగి ఒకటిచ్చారుగా, తెలిసిందని?"

"ఏం తెలిసిందని?"

గోడ గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. టైలరమ్మ మిషను మీంచి లేచింది. "ఆయన ఉండిపొమ్మన్నాననుకుంటే... అక్కా, సంతకం పెట్టేస్తారక్కా. రెండేళ్ళు!"

"ఏడుపు తరవాత. పాత ఒప్పందం కాగితం ఇంట్లో ఉందా? అదే, కంపెనీ నంబరు ఉన్నది?"

ఉంది. బీరువాలో, చీరల మడతల కింద. దాన్ని తీసుకుని ఇద్దరూ దుకాణానికి వచ్చారు. అతని ఫోనుకు చేస్తే, అనుకున్నట్టే ఆపేసి ఉంది. నిమిషాలమ్మ కాగితం మీది ఆఫీసు నంబరు చూసింది, అతని ఉద్యోగపు నంబరు మీద వేలు పెట్టుకుంది, నేరుగా అంతర్జాతీయ లైను నొక్కింది.

టైలరమ్మ గాభరాపడింది. "నేరుగానా? చాలా అవుతుందని నువ్వే అంటావుగా. చౌక కాలింగ్ కార్డు మీద చెయ్యి అక్కా."

"కార్డు మీద ఫోను పది చేతులు మారుతుంది. సగంలో తెగినా తెగొచ్చు. కబుర్లకి అది చాలు. దీనికి చాలదు. డబ్బు మిగిలించేది ఎందుకనుకున్నావు? ఇలాంటి రోజు ఖర్చుపెట్టడానికే."

అవతల లైను కలిసింది. మనిషి కాదు, రికార్డు. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, వేచి ఉండమంది. ఆ తరవాత సంగీతం మొదలెట్టింది. సన్నాయి లాంటిదేదో నింపాదిగా, ఎవరికీ ఏ తొందరా లేనట్టు సాగుతోంది. యాభై అయిదో సెకనుకి అద్దాలు కొట్టిన మనిషి, డబ్బులిచ్చి ఆ సంగీతం విన్నది. రెండు నిమిషాలు. నాలుగు. ఆయా కుర్చీలోంచి లేవకుండానే అడిగింది.

"పాట బాగుందా పెద్దమ్మా?"

"బంగారంతో చేశారమ్మా. ఆ ఖరీదు."

చివరికి ఒక మగగొంతు పలికింది. బూత్ రోజుల్లో ఆపరేటర్లతో నేర్చుకున్న ఇరవై ముప్ఫై ముక్కల పరభాష ఆమె దగ్గరుంది. వ్యాకరణం లేదు గాని, బెదురూ లేదు. షెడ్డు నంబరు చెప్పింది, ఉద్యోగపు నంబరు రెండుసార్లు చెప్పింది, మనిషిని పిలవమంది.

పని వేళలో పిలవం అన్నాడతను. అత్యవసరం అందామె. అతను కొంచెం తగ్గి, జాగ్రత్తగా అడిగాడు. ఇంట్లో ఎవరైనా పోయారా?

"లేదు" అంది నిమిషాలమ్మ. "అందరూ బతికే ఉన్నారు. అందుకే పిలవండి."

అవతల గుమాస్తా నవ్వాడు. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చెయ్యమన్నాడు. పెట్టను, లైనులోనే ఉంటాను అందామె. మళ్ళీ సన్నాయి వచ్చింది. గడియారం పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. టైలరమ్మ కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

సంగీతం తెగింది. ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు.

"హలో? ఎవరు? ఏమైంది?"

"ఏమీ కాలేదు మరిదిగారూ, నేను నిమిషాలమ్మని. సంతకం పెట్టేశారా?"

"వరసలో ఉన్నానండీ. నా ముందు ముగ్గురున్నారు. ఇంతలో పిలిచారు, పరిగెత్తుకొచ్చా. ఇంతకీ ఎవరికి..."

ఆమె ఇక ఒక్క మాట పెంచకుండా ఫోనును టైలరమ్మ చెవికి ఆనించింది. "ఊఁ, మాట్లాడు."

టైలరమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుని అడిగింది. "నిన్న... మీకు ఎన్ని వినబడ్డాయి?"

"ఒకటే."

"నేను రెండిచ్చాను."

నిమిషాలమ్మ కూడా చెవి దగ్గరికి చేర్చింది.

"ఒకటే విన్నాను" అన్నాడు అతను మెల్లిగా. "సరేలే, నేను లేకుండా నీకు అలవాటైపోయి ఉంటుంది, నేను వస్తే ఇరుకేమో అనుకున్నాను. పోనీ ఫోను చేసి అడుగుదామా అంటే, తేల్చి చెప్పాక మళ్ళీ అడిగితే నీకు బరువు..."

"ఇరుకేమిటండీ! కోట్లు కత్తిరించలేక నా చేతులు పడిపోతున్నాయి. నేను కత్తిరించిన చంకలు చూస్తే మీరు అన్నం మానేస్తారు." అని ఆగింది. రింగుల చాటున దాచుకున్నది ఇప్పుడు నోటితోనే అనాలి. అనేసింది. "వచ్చెయ్యండి."

"ఏమిటీ? సరిగ్గా వినబళ్ళేదు. ఇంకోసారి చెప్పు."

పక్కనున్న నిమిషాలమ్మకు సైతం అతని గొంతు గంట కొట్టినట్టు స్పష్టంగా వినబడుతోంది. లైనులో ఏ లోపమూ లేదు.

"వచ్చెయ్యండి అంటున్నా" అంది టైలరమ్మ, ఈసారి వీధిలోకి వినబడేలా. "నేనే రమ్మంటున్నాను. రేపు ఏమైనా నేనే అన్నానని అనండి, పడతాను."

టైలరమ్మ వెళ్ళాక నిమిషాలమ్మ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగింది. తాను నేర్పిన విద్య ఒక కాపురాన్ని రెండేళ్ళు వెనక్కి తోసి ఉండేది. ఆ సంగతి దాచుకోవచ్చు. టైలరమ్మ ఎవరికీ చెప్పదు. కాని ఈ వీధిలో ఇంకా ఎంతమంది రెండిచ్చామనుకుంటూ ఒకటి పంపుతున్నారో! తప్పు చేసినందుకు సిగ్గుపడే తీరిక ఆమెకెప్పుడూ లేదు. దిద్దే పని ఉంటే ఆమెకు సిగ్గు గుర్తు రాదు.

ఆ సాయంత్రంనుంచే రెండు ఫోన్లు చేత్తో పట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది. ఒకటి వాళ్ళ చెవికి పెట్టడం, రెండోది వాళ్ళ ఒళ్ళో పెట్టడం. "నా మాట కాదు, మీ చెవుల్నే నమ్మండి" అనడం. చూసినవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. కుళాయిల మేస్త్రీ మాత్రం దెబ్బలాటకు దిగాడు.

"మరి ఇన్నేళ్ళు మాచేత ఎందుకు చేయించావు తల్లీ?"

"తెలియక బాబాయ్. తెలిశాక ఒక్క పూట ఆగానా? ఇక ముఖ్యమైన సంగతైతే నోటితోనే చెప్పండి. చౌకగా ఎలా చెప్పాలో నేను చూస్తాను. ఒక్క వాక్యానికి ఎంతవుతుందని? నా దగ్గర మెసేజ్ పంపే దారులున్నాయి, గొంతు రికార్డు చేసి పంపేవున్నాయి. మిస్డ్ కాల్ ఇచ్చినా ఇవ్వండి గాని, 'ఉన్నాను' అనడానికి మించి దానిచేత ఏమీ చెప్పించకండి."

ఇంట్లో మెకానిక్కుకి చెప్పినప్పుడు అతను గరిట పట్టుకుని వంటింట్లో నిలబడి ఉన్నాడు. విని విని, గరిట కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"అంటే, డిపోనుంచి వచ్చేటప్పుడు ఒక రింగైతే పాలు, రెండైతే కూరగాయలు అన్నావే..."

"అవును."

"కూరగాయలు తెమ్మంటే పాలు తెచ్చానని, చిన్న లెక్క కూడా రాని మొద్దునని, ఎన్నిసార్లు ఆడిపోసుకున్నావు నన్ను! ఇరవై ఏళ్ళు!"

"సరే, లెక్క వచ్చిన మొద్దు అనుకుందాం ఇకనుంచి."

అతను పడీ పడీ నవ్వాడు. కూర అడుగంటింది. ఇద్దరూ దాన్నే తిన్నారు.

ఇరవై రోజుల తరవాత ఒక మధ్యాహ్నం టైలరమ్మ పరుగున వచ్చి, "అక్కా, ఒకసారి రా, నాకొక్కదానికీ కదలడం లేదు" అని చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. వెనకగదిలో గోడవారన ఒక వెడల్పు మంచం ఉంది. దాని మీద సగం మేర, పైకప్పు అందేంత ఎత్తున గుడ్డల మూటలు. ఆస్పత్రి కోట్ల తెల్ల గుడ్డ, లైనింగు ముక్కలు, ఎప్పుడో ఎవరో కుట్టమని ఇచ్చి తీసుకెళ్ళనివి. ఆరేళ్ళుగా ఆ పక్కన ఎవరూ పడుకోకపోయేసరికి అది బీరువా అయిపోయింది.

"సాయంత్రం విమానం దిగుతారు. ఇవన్నీ మిషను గదిలోకి చేరవెయ్యాలి."

ఇద్దరూ కొంగులు బిగించారు. ఒక్కో మూటా తీస్తుంటే మంచం కొంచెం కొంచెంగా బయటపడుతోంది. అడుగున పరుపు మీద మూటల ఆకారాలు గుంటలుగా పడి ఉన్నాయి. నిమిషాలమ్మ అరచేత్తో వాటిని తట్టి తట్టి పైకి లేపింది.

"గుంటలు పోవడం లేదక్కా" అంది టైలరమ్మ.

"మనిషి పడుకుంటే వాటంతటవే పోతాయి లేవే. ఆ దుప్పటి ఇలా అందుకో."